గడ్డకట్టని కుండ

1

అసిరమ్మ రాయమంది కాబట్టి రాస్తున్నాను.

"ఏ రోజు ఏటి సేసినావో రాసుకో. పాడైపోతే ఎక్కడ పాడైనాదో తెలుస్తాది. నీ బుర్రని నమ్ముకుని కూకుంటే అయ్యే పని కాదు," అంది. నా బుర్ర గురించి ఆమె అభిప్రాయం అది. అలాంటి బుర్ర ఉన్నవాణ్ణి పెళ్ళి చేసుకుంటానని ఎందుకు ఒప్పుకుందో నాకిప్పటికీ తెలియదు. అడగను. అడిగితే ఆలోచనలో పడుతుందేమోనని భయం.

నేను తవిటయ్యని. ఎగువపేట మురుగు గదిలో నా పని. పేట వాడి వదిలిన నీళ్ళన్నీ నా దగ్గరికి వస్తాయి, మళ్ళీ తాగే నీళ్ళై వెళతాయి. అసిరమ్మది దిగువపేట. రెండు పేటలూ ఒకే కొండ కడుపులో ఉన్నాయి. మాది పైన, మంచుకి దగ్గర. వాళ్ళది కింద, వేడినీటి ఊటకి దగ్గర. మధ్యన మెట్లదారి, ఆ దారికి నడిమి తలుపు. సూర్యుడు కొండ వెనక్కి దిగిపోయి చీకటి కారు మొదలైతే, ఉన్న వేడి చెదిరిపోకుండా ఆ తలుపు మూసేస్తారు. మళ్ళీ తెరిచేది ఏడు నెలలకి. అప్పటిదాకా ఎటున్నవాళ్ళు అటే.

ఆమె వంటింటి తూము బాగుచెయ్యడానికి కిందికి వెళ్ళేవాణ్ణి. అది ప్రతి నెలా ఎందుకు పూడుకుపోయేదో నాకు చాలా కాలం అర్థం కాలేదు. అర్థమయ్యేసరికి తలుపు మూసేశారు. పోయిన చీకటి కారంతా తీగ మీద మాట్లాడుకున్నాం. ఆమె నవ్వినా తిట్టినా తీగ ఒకేలా గరగరమనేది. ఇద్దరమూ ఒకసారి జోడీని పోగొట్టుకున్నవాళ్ళమే. మా వయసులో ఏడు నెలలంటే చిన్న సంగతి కాదు. ఈసారి తలుపు మూసేలోగా నేను ఆమె ఇంట్లో ఉండాలి. నాకింక వేరే కోరిక లేదు.

2

అడ్డం ఒక్కటే ఉంది. దాని పేరు గడ్డకట్టని కుండ.

ఎగువపేట మనిషి దిగువపేటలో కాపురం పెట్టాలంటే, తన చేత్తో కాచిన చోడి కల్లు కుండెడు పట్టుకెళ్ళాలి. కల్లు అంటే భూమ్మీద చెట్టు నుంచి దిగేదట. ఇక్కడ, భూమికి ఇంత దూరంలో, చెట్లేవీ? చోళ్ళు, అంటే రాగులు, మొలకెత్తించి, పిండి చేసి, ఉడకబెట్టి పులియబెట్టిందే మాకు కల్లు. పలచటి కల్లు ఎవరైనా కాస్తారు, మూడు రోజుల పని. ఈ కుండలోది మాత్రం బాగా ఘాటుగా ఉండాలి. సాయంత్రం దాన్ని మంచుగదిలో, అంటే కొండ బయటికి తెరుచుకునే గదిలో, పెడతారు. పొద్దున పేట పెద్ద దాన్ని వంచుతాడు. ఘాటైన కల్లు ఆ చలికి గడ్డకట్టదు, పారుతుంది. పారితే నువ్వు ఆ పేటవాడివి. పారకపోతే మళ్ళీ ఏడాదికి.

దిగువపేట పెద్ద కూర్మారావు అసిరమ్మకి పెదనాన్న కొడుకు. మంచివాడు. ఒకసారి ఆయన దగ్గర మెల్లిగా గొణిగి చూశాను, మాలాంటి ముసలివాళ్ళకి ఏదైనా సడలింపు ఉంటుందేమోనని.

"బావూ, ఎచ్చగుంటాదని ఎగువోల్లందరూ దిగీసినారనుకో, ఊట సాలదు," అన్నాడు. "కుండని బతికించుకున్నోడు మనిసిని బతికించుకుంటాడని మా పెద్దలు పెట్టినారు. నా సెల్లి కోసమని నాను మార్సీలేను."

పులియడానికి కావలసిన పిండి బిళ్ళలు మాత్రం పెళ్ళికూతురి ఇంటి నుంచే రావాలి. అంతకు మించి వాళ్ళ చెయ్యి కుండ మీద పడకూడదు. అసిరమ్మ గుడ్డలో చుట్టి ఇచ్చింది. గుండ్రంగా, తెల్లగా, కాస్త పుల్లటి వాసనతో ఉన్నాయి. వాళ్ళ అమ్మమ్మ నాటి నుంచి ఆ ఇంట్లో ఆరకుండా వస్తున్న పులుపట.

"బతికున్నవి. జాగర్త," అంది.

3

నా సామాను ఇది: గాస్కెట్టు సాగిపోయిన ఐదు లీటర్ల ప్రెషర్ కుక్కరు. నీళ్ళ గదిలో పారేసిన వడపోత గుడ్డ. రెండు స్టీలు గిన్నెలు. మూత ఉన్న కుండ. గోడ పక్కగా పోయే వేడి గొట్టం. దాలయ్య.

దాలయ్య నాతో ఒకే గదిలో ఉంటాడు, ఒకే చోట పనిచేస్తాడు. తన వాటా చోళ్ళు కూడా నాకే ఇచ్చేశాడు. ఇచ్చి ఊరుకోడు. రోజూ అంబలి వేళకి ఖాళీ గిన్నె ముందు పెట్టుకుని కూర్చుని, "నా అంబలి తాగి నువ్వు పెల్లికొడుకువి అవుతన్నావు," అంటాడు. చోళ్ళు మొలకెత్తడానికి వెచ్చదనం చాలక నా దుప్పటి కిందా, అతని దుప్పటి కిందా పరుచుకుని పడుకున్నాం. ఒళ్ళంతా గింజలే. దురద. మొలకలు మాత్రం వచ్చాయి, తెల్లగా, చిన్న తోకల్లా. నాకు ముద్దొచ్చాయి. వాటిని ఆరబెట్టి దంచడానికి మనసొప్పలేదు గాని ఒప్పించాను.

4

కుక్కరు చిన్నది. నాకు కావలసింది చిక్కటి తీపి రసం. తీపి ఎంత ఉంటే ఘాటు అంత. ఎక్కువ నీళ్ళలో ఉడికించి ఇగరబెడదామంటే, ఆవిరి లేస్తే గదిలో చెమ్మ గంట మోగుతుంది, వెంటనే ఇద్దరు మనుషులొచ్చి కరెంటు తీసేస్తారు. ఇక్కడ ఆవిరంటే పోగొట్టిన నీళ్ళే.

అందుకని ఇలా చేశాను. మొలక పిండి మొదటి విడత నీళ్ళలో కలిపి, కుక్కరుని వేడి గొట్టానికి కట్టి, మా దుప్పట్లన్నీ చుట్టాను. ఆ గొట్టం వేడి సరిగ్గా చెయ్యి ఓర్చుకోలేనంత, పిండి ఉడికిపోనంత. పూట గడిచేసరికి పిండి తియ్యనైంది. గుడ్డలో వేసి పిండాను. ఆ రసాన్ని పక్కన పెట్టకుండా, నీళ్ళకి బదులు అందులోనే రెండో విడత పిండి కలిపి మళ్ళీ గొట్టానికి కట్టాను. మళ్ళీ పిండాను. ఇప్పుడొచ్చిన రసం వేలు ముంచితే వేలికి అంటుకుంటోంది. దాలయ్య నాకి, కళ్ళు మూసుకుని, రెండో వేలు కూడా ముంచబోయాడు. చెయ్యి పట్టుకుని ఆపాను.

తీపి కొలవడానికి ఒక తేలుపుల్ల చేసుకున్నాను. ప్లాస్టిక్ గొట్టం ముక్క, అడుగున బరువుకి ఒక నట్టు. మంచినీళ్ళలో ఎంతవరకు మునిగిందో అక్కడ ఒక గీత. తీపి రసంలో వేస్తే పుల్ల పైకి లేస్తుంది. పులుపు ఆ తీపిని తినేకొద్దీ కిందికి దిగాలి. దిగి నీళ్ళ గీత దగ్గరికి వస్తే కుండ పండినట్టు. ఇక్కడ దేనికీ భూమ్మీదంత బరువుండదు, ఏదీ తొందరగా పడదు, తొందరగా నిలబడదు. పుల్ల ఊగి ఊగి ఆగేదాకా ఊపిరి బిగబట్టి చూశాను. ఆగిన చోటు చూస్తే నాకే నమ్మకం కలగలేదు. అంత పైన ఉంది.

5

రసాన్ని మూత బిగించి మరగనిచ్చి చల్లార్చాను. కుండ అంచు దాకా నింపాను, లోపల వేలెడు ఖాళీ లేకుండా. అసిరమ్మ బిళ్ళలు పొడిచేసి కలిపి, వెంటనే మూత పెట్టి, మూతకి మైనం పూశాను. లోపలి గాలి బయటికి పోవడానికి సన్నటి గొట్టం ఒకటి పెట్టి, దాని చివర నీళ్ళలో ముంచాను.

ఇక్కడ పిల్లలకి అమ్మ తర్వాత వచ్చే మాట మూత. నీళ్ళ మీద మూత, అన్నం మీద మూత, తొట్టి మీద మూత. తెరిచి ఉన్నది ఏది కనిపించినా ఎవరిదని చూడం, చెయ్యి దానంతట అదే వెళ్ళి మూసేస్తుంది. నేనూ ఆ పెంపకమే. కుండని ఎంత బాగా మూశానంటే దాలయ్య కూడా మెచ్చుకున్నాడు.

సాయంత్రానికి గొట్టం చివర బుడగ లేచింది. నెమ్మదిగా పెద్దదై, తీరిగ్గా విడిపోయి, పైకొచ్చి పగిలింది. తర్వాత ఇంకొకటి. మంచం కుండ పక్కకి జరుపుకున్నాను. అసిరమ్మకి తీగ మీద వినిపించాను కూడా.

"ఏటది, నీ కడుపేటి?" అంది.

6

మూత తియ్యకుండా గొట్టంతో కాస్త పీల్చి, గ్లాసులో పుల్ల వేసి చూస్తున్నాను. రోజూ కొంచెం దిగుతోంది. బాగుంది.

7

పుల్ల సగం దారిలో ఆగిపోయింది. నిన్నా అక్కడే, మొన్నా అక్కడే. బుడగలు లేవు.

8

ఇంకో దుప్పటి చుట్టాను. కుండని వేడి గొట్టానికి దగ్గరగా జరిపాను. మెల్లిగా ఊపాను. దాలయ్య పాట పాడాడు, దానివల్ల మనుషులకే ఏం మేలు జరగదు, కుండకేం జరుగుతుంది. పుల్ల కదల్లేదు. తీపి సగం మిగిలే ఉంది. ఇలాగే పట్టుకెళితే మంచుగదిలో రాయైపోతుంది.

అసిరమ్మ తీగ మీద అడిగింది, ఎలగున్నాదని. బాగున్నాదన్నాను. అబద్ధం చెప్పానని రాసుకుంటున్నాను, ఏ రోజు ఏం చేశానో రాయమంది కదా.

9

ఆమె వచ్చేసింది. ఆ మోకాళ్ళతో, అన్ని మెట్లూ ఎక్కి. గది గుమ్మంలో నిలబడి గోడ పట్టుకుని రొప్పుతోంది. నాకు ఒకేసారి సంతోషమూ, సిగ్గూ వచ్చాయి.

"బాగున్నాదని సెప్పినప్పుడు నీ గొంతు పీలగొచ్చింది," అంది. "ఎల్లప్పుడూ అంతే నువ్వు. తూము బాగైపోనాదని సెప్పినప్పుడూ అంతే, మర్నాడు మల్లీ పొంగీది."

"తూము పూడ్చినది నువ్వే గదా!"

"ఆ మాట ఇప్పుడెందుకు? కుండ సూపించు."

తను ముట్టుకోకూడదు కాబట్టి నేనే మైనం విప్పి గరిటెడు తీసి ఆమె నోట్లో పోశాను. చాలాసేపు నాలుక మీద ఉంచుకుంది. మింగాక ముఖం ముడుచుకుంది.

"సావనేదు," అంది. "నీరసించినాది. ఆయాసం వొచ్చినోడిలాగున్నాది."

"ఆకలా?"

"ఆకలేటి, ఎదురుగా ఇంత తీపి ఉన్నాది! తినడానికి సత్తువ నేదు. మా ఇంట్లో పలచగా కాస్తాం. దానికి ఎప్పుడూ ఇలగ అవనేదు. నాకూ తెలీదు, తవిటయ్యా."

తనకి తెలియదని అసిరమ్మ ఒప్పుకోగా నేను వినడం ఇదే మొదలు. భయమేసింది. ఆమె కళ్ళు కుండ మీద నుంచి కదల్లేదు. "ఇంకో చీకటి కారు తీగ మీద మాటాడలేను నాను," అంది. నాతో కాదు, కుండతో అన్నట్టు అంది.

10

ఈ రోజు మురుగు గదిలో దాలయ్య గాలి పంపు ఆపి తుడుస్తున్నాడు. ఎక్కువసేపు ఆపితే తొట్టి చచ్చిపోతుంది, అందులో మురుగు తినే క్రిములకి ఊపిరి అందదు. తిండి ఎంత ఉన్నా ఊపిరి లేకపోతే తినలేవు. ఆ మాట మొదటిరోజు నాకు నేర్పారు, వచ్చిన ప్రతివాడికీ నేను నేర్పాను. "ఒరే, పంపు పెట్టీ, పాపం ఆటికి ఆయాసం!" అని దాలయ్యని కేకేశాను.

కేకేసి అక్కడే నిలబడిపోయాను.

ముప్పై ఏళ్ళుగా మురుగుకి గాలి ఊదుతున్నవాణ్ణి. మురుగుకి ఊదాను గాని కల్లుకి ఊదాలని తట్టలేదు! కల్లు మంచి వస్తువు కదా, మంచి వస్తువుకి మూత పెట్టాలి కదా. రసాన్ని మరగబెట్టి అందులో ఉన్న కాస్త గాలీ తరిమేశాను. అంచుదాకా నింపాను. మైనం పూశాను. పలచటి కల్లు ఆ మాత్రం ఊపిరితోనే గట్టెక్కుతుంది. ఇంత చిక్కటి రసంలో ఆ చిన్న ప్రాణాలు సగం దూరం ఈదుకొచ్చి ఆగిపోయాయి. వాళ్ళ అమ్మమ్మ నాటి ప్రాణాలు. పాపం, వాటిని నేనే ఊపిరాడకుండా చేశాను.

11

ఇప్పుడు కుండంతా తెరిచి గాలి కొడితే కల్లు పాడైపోతుందని అసిరమ్మ అంది. నిజమే. అందుకని వేరే దారి పట్టాం. మిగిలిన పిండితో గిన్నెడు పలచటి రసం కాచి, ఆఖరి బిళ్ళ అందులో వేశాను. ముందు దానికి ఊపిరి పోసి, బలం వచ్చాక, ఆకలి మీదున్న కొత్త ప్రాణాలని కుండలోకి దింపాలి.

గాలి కలపడానికి నేనో గిన్నె, దాలయ్యో గిన్నె పట్టుకుని ఎదురుబొదురుగా నిలబడ్డాం. నేను ఎత్తి పోస్తే అతను కింద పట్టాలి. రసం తీరిగ్గా, పాకంలా సాగుతూ దిగుతుంది, మధ్యలో చుక్కలు విడిపోయి పక్కకి తేలిపోతాయి. దాలయ్య వాటిని నోటితో పట్టుకున్నాడు. పని కోసమే అన్నాడు.

అసలు కష్టం తర్వాత మొదలైంది. గిన్నె మీద మూత ఉండకూడదు. పలచటి గుడ్డ కప్పి రోజంతా అలా వదలాలి. మూత లేని గిన్నెని ఒక పగలంతా ఉంచడం ఎగువపేటలో ఎంత కష్టమో మాకు తెలియలేదు. తలుపు ముందు నుంచి వెళ్ళినవాళ్ళంతా లోపలికొచ్చి మూత పెట్టేసి వెళ్ళిపోతున్నారు. పలకరించరు, అడగరు, వాళ్ళ చెయ్యే వాళ్ళని లాక్కొస్తుంది. మూతని మంచం కింద దాచాను. పక్క గదావిడ వాళ్ళింటి నుంచి మూత తెచ్చి పెట్టింది. దాలయ్య అయితే సంగతంతా తెలిసీ రెండుసార్లు పెట్టేశాడు. "నాను కాదురా, నా సెయ్యి!" అని ఏడుపు మొహం పెట్టాడు.

చివరికి అసిరమ్మ స్టూలు వేసుకుని గిన్నె పక్కన కాపలా కూర్చుంది. కుండని ముట్టుకోకూడదు గాని వచ్చినవాళ్ళ చేతుల మీద కొట్టకూడదని ఆనవాయితీలో లేదు. గరిటె పట్టుకుని అందరినీ కొట్టింది. నన్ను కూడా.

మధ్యాహ్నం దాలయ్య పనికి వెళ్ళాక ఇద్దరమే ఉన్నాం. ఆమె మోకాలికి వేడినీళ్ళ సీసా పెట్టాను. మా ఆవిడ గురించి అడిగింది. చెప్పాను. ఆమె మంచు కోతలో పోయిన తన మనిషి గురించి చెప్పింది. ఆయన గురక గురించి ఎక్కువ చెప్పింది.

"నువ్వు గురక పెడతావేటి?"

"దాలయ్యని అడుగు."

"అడిగినాను. పెడతావట."

"మరి?"

"మరేటి? ఒక్కదాన్నీ పడుకుంటే గది మరీ నిశ్శబ్దంగా ఉంటాది," అని గిన్నె వైపు తిరిగి కూర్చుంది.

నేను లేచాను. సీసాలో నీళ్ళు మార్చాను. మనసు నిండిపోయిందని ఇక్కడ రాస్తున్నాను, అక్కడ చెప్పలేకపోయాను కాబట్టి.

12

గిన్నెలో నురుగు టోపీలా లేచింది. మెల్లిగా కుండలో కలిపాను. అది చూసి అసిరమ్మ కిందికి దిగింది, ఇల్లు సర్దుకోవాలని. పొద్దున్న చూసేసరికి గొట్టం చివర బుడగల వరస. పుల్ల కదిలింది! దాలయ్య నన్ను ఎత్తి కప్పుకి కొట్టాడు. ఇక్కడ మనుషులని ఎత్తడం సులువు, ఆపుకోవడమే కష్టం.

13

చెడ్డ కబురు. చలి ముందే దిగింది. పై గదుల గోడల మీద అప్పుడే మంచు పేరుకుంటోంది. తలుపు అనుకున్న రోజుకి కాదు, ఎల్లుండి సాయంత్రమే మూసేస్తారట. దిగువపేటకి తీగ చేశాను. కూర్మారావు గొంతు చాలా మెత్తగా ఉంది. "సలి నా మాట ఇనదు బావూ," అన్నాడు. "రేపే కుండ అట్టుకొచ్చీ."

పుల్ల దిగుతూనే ఉంది. ఇంకా గీతకి చాలా పైన ఉంది. నాకు కావలసింది రోజులు. అవే లేవు.

14

కుండని దుప్పట్లో చుట్టుకుని, పొట్టకి ఆనించుకుని కిందికి దిగాను. దాలయ్య వెనకాల నా మూట మోసుకొచ్చాడు, ఎలాగూ అక్కడే ఉండిపోతానని. అసిరమ్మ ఇంట్లో గోడ పక్కన రెండో మంచం వేసి ఉంది. దాని మీద కొత్త దుప్పటి. నేను చూడనట్టు నటించాను.

సాయంత్రం కూర్మారావు కుండని మంచుగదిలో పెట్టి తలుపు వేశాడు. నేను పుల్ల చూశానని ఎవరికీ చెప్పలేదు. అసిరమ్మ అడగలేదు.

15

ఇది పైన రాస్తున్నాను, ఎగువపేటలో.

పొద్దున దిగువపేట అంతా మంచుగది ముందు చేరింది. కూర్మారావు కుండని రెండు చేతులతో ఎత్తి వంచాడు. ఏమీ రాలేదు. ఇక్కడ ఏదైనా నెమ్మదిగానే పడుతుంది కదా, "ఆగండర్రా, వస్తాది," అన్నారెవరో. అందరూ ఆగారు. అంచుకి ఒక్క చుక్క వచ్చింది. లావైంది. అక్కడే ఆగిపోయింది. కూర్మారావు ఆనవాయితీ ప్రకారం ఎంతసేపు పట్టుకోవాలో అంతకంటే చాలా ఎక్కువసేపు పట్టుకున్నాడు. తర్వాత కుండని నిలబెట్టి నా వైపు చూశాడు. ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి.

"పైయేడు, బావూ," అన్నాడు.

నేను అసిరమ్మ కోసం చూశాను. లేదు. ఆ చుక్క ఆగినప్పుడే వెళ్ళిపోయిందని పక్కవాళ్ళు చెప్పారు. చూడలేకపోయి ఉంటుంది అనుకున్నాను. వాళ్ళింటికి వెళ్ళి చెప్పి రావాలి. వెళ్ళలేదు. ఏం చెప్పాలి? కుండ తీసుకున్నాను. రాయిలా ఉంది, దుప్పట్లోంచి పొట్టకి చల్లగా తగిలింది. దాలయ్య నా మూట మళ్ళీ భుజానికెత్తుకున్నాడు. నడిమి తలుపు దగ్గర ఆమె వస్తుందేమోనని కూర్చున్నాం. చాలాసేపు కూర్చున్నాం. మూసే గంట మొదటిసారి మోగింది.

అప్పుడు వచ్చింది. గోడ పట్టుకుని, మెట్టు మెట్టుకీ ఆగుతూ. నెత్తి మీద పెద్ద మూట. చంకలో ఇంకొకటి. వెనకాల కూర్మారావు కంగారుగా వస్తున్నాడు.

"ఎక్కడికే, అమ్మీ?"

"పైకి."

"పైకి ఎందుకు?"

అసిరమ్మ దాలయ్య వైపు తిరిగింది. "దాలయ్యా," అంది, "మీ పేటకి రావాలంటే కుండ తేవాలేటి?"

దాలయ్య నా మూట కింద పెట్టాడు. "నేదప్పా. మా సలికొంపకి ఎవులొస్తారు? వొచ్చినోల్లని ఆపడానికి మాకేటి పిచ్చా?"

మా తాతల కాలం నుంచీ జనం కిందికి దిగాలనే చూశారు. ఎక్కడానికి ఆనవాయితీ లేదు, ఎందుకంటే ఎవరూ ఎక్కలేదు. నాకు గాని, కూర్మారావుకి గాని ఆ మాట ఒక్కసారి కూడా తట్టలేదు. కూర్మారావు చెల్లెలి ముఖంలోకి కాసేపు చూశాడు. చంకలో మూట తీసుకుని, పై మెట్టు దాకా తనే మోశాడు.

"నీ మోకాళ్ళు, అసిరమ్మా..." అన్నాను.

"మోకాల్లు నావి."

"ఏడు నెల్లు సలి."

"నీ ఒక్కడికే ఉంటాదేటి సలి? అందరికీ ఉంటాది."

"మరి ఈ మాట ముందే సెప్పొచ్చు గదా! దాలయ్య అంబలి మానీసి, నాను సగం అయిపోయి..."

ఆమె మెట్టు మీద కూర్చుంది, ఆయాసం తీర్చుకోవడానికి. గంట రెండోసారి మోగింది.

"పొద్దున దాకా నాకూ తట్టనేదు," అంది. "ఆ సుక్క పడనప్పుడు తట్టింది. తట్టగానే ఇంటికెల్లి మూట కట్టినాను. కట్టీసరికి ఇంత పొద్దుపోయింది, నలబై ఏళ్ళ ఇల్లు మరి." కాసేపు ఊపిరి పీల్చుకుంది. "అయినా ముందే తట్టినా సెప్పకపోదునేమో. ఇన్నాల్లకి ఒకడు నా ఇంటికి రావాలని ఇంత పాటు పడతంటే, ఆపబుద్ది కాదు గదా."

నాకు ఏడుపొచ్చింది. ఏడ్చాను. ఒక చేత్తో ఆమెనీ, ఒక చేత్తో కుండనీ పట్టుకుని తలుపు దాటాను.

16

దాలయ్య తన మంచం పక్క గదిలోకి మార్చుకున్నాడు. నా గురక తప్పిందని అందరికీ చెబుతున్నాడు గాని పొద్దున్నే అంబలికి ఇక్కడికే వస్తున్నాడు. అసిరమ్మకి ఇక్కడ ఏదీ నచ్చలేదు. గొట్టం వేడి చాలదంది, గోడలు చెమ్మంది, గిన్నెలు పెట్టిన తీరు మురుగు గదిలా ఉందంది. మూడు దుప్పట్లు కప్పుకుని తిరుగుతూ అన్నీ సర్దింది. మోకాళ్ళకి రోజూ సీసా పెడుతున్నాను.

వేడి గొట్టం పక్కన కుండ కరిగింది. ఆ చలికి కొన్ని ప్రాణాలు పోయి ఉంటాయి, కొన్ని మిగిలాయి. ఇవాళ బుడగ ఒకటి లేచింది. గ్లాసులో కొంచెం పోసి ఆమెకిచ్చాను. ఇప్పుడు ముట్టుకోవడానికి ఆమెకి ఏ అడ్డూ లేదు. తాగింది. నాలుక మీద తిప్పింది. బాగా దగ్గింది.

"ఘాటుగానే ఉన్నాది," అంది. "కాని తీపి సావనేదు ఇంకా. ఎన్నాల్లు పడతాది?"

"తెలీదు. రెండు నెల్లు. మూడూ పట్టొచ్చు."

గ్లాసు నాకిచ్చి, దుప్పటి నా భుజం మీదికి కూడా లాగింది.

"పట్టనీ," అంది. "మనమెక్కడికెల్తాం?"

"ఎక్కడికీ ఎల్లం," అన్నాను.